పెద్దమ్మ కోసం వృద్ధాశ్రమం చూసొచ్చాం

నిన్న నల్లగొండ దగ్గర ఒక వృద్ధాశ్రమానికి వెళ్లొచ్చాం. మా పెద్దమ్మది మర్రిగూడ వైపు ఊరు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయింది, మెడ తిప్పలేదు. మంచం మీంచి లేపాలన్నా ఒడుపు తెలిసినవాళ్లే లేపాలి.

ఆఫీసు గది బాగుంది. టైల్స్ మెరుస్తున్నాయి, మెనూ బోర్డు మీద ఆదివారం కోడికూర కూడా రాశారు. నేను మాత్రం మంచాల దగ్గరికి వెళ్తానన్నాను. కదల్లేని ఒక అవ్వ పక్కన కూర్చున్నా. నీళ్ల గ్లాసు నిండుగానే ఉంది, కానీ కిటికీ గట్టు మీద. ఆమె చెయ్యి అంత దూరం అందదు. నేను అందిస్తే గటగటా తాగేసి నా చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. దుప్పటి తీసి చూస్తే మడమలు ఎర్రగా కమిలి ఉన్నాయి. అలాంటి మనిషిని రెండు గంటలకోసారైనా పక్కకు తిప్పుతుండాలి, లేకపోతే పుండ్లు పడతాయి. రాత్రిపూట ఎవరు తిప్పుతారని అడిగాను. 40 మందికి ఒక్క ఆయమ్మ అట! ఆమె మంచిదే పాపం, అందరినీ పేరు పెట్టి పలకరిస్తోంది. ఒక్కతే ఎంతమందిని చూస్తుంది?

మడమల సంగతి మేనేజర్‌కు గట్టిగానే చెప్పాను. బయటికొచ్చాక వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి కూడా ఫోన్ చేశాను. రాత్రంతా ఆ గ్లాసే కళ్లముందు.

మీరెవరైనా ఇలా చూడ్డానికి వెళ్తే ముందుగా చెప్పకండి, అన్నాల వేళకు వెళ్లండి.

వచ్చే ఆదివారం మహబూబ్‌నగర్‌లో ఇంకొకటి చూస్తాం. ఈసారి పెద్దమ్మను కూడా వెంట తీసుకెళ్తున్నాం.