క్రూగర్ నడక తర్వాత జ్వరం: పిడుదు కాటు, నల్ల పెచ్చు, డాక్సీసైక్లిన్

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కులో వీపున గుడారం మోసుకుని నడిచి వచ్చినవాళ్లకి వారం పది రోజుల్లో జ్వరం తగిలితే రెండు పనులు వెంటనే జరగాలి. మొదటిది మలేరియా పరీక్ష. రెండోది, మంచి వెలుతురులో బట్టలు విప్పి ఒళ్లంతా వెతుక్కోవడం. వెతకాల్సింది పిడుదు కుట్టిన చోట కట్టే నల్ల పెచ్చు. అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు వెడల్పు ఉంటుంది, నడుమ నల్లగా, చుట్టూ ఎర్రటి వలయం. నొక్కినా పెద్దగా నొప్పి ఉండదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. నాకు ఒకటి నడుము దగ్గర ప్యాంటు పట్టీ ఒరుసుకునే చోట, ఇంకొకటి మోకాలి వెనక మడతలో వచ్చాయి. హైదరాబాద్‌లో చేసిన రక్త పరీక్షలన్నీ ఒక ఎత్తు, ఆ రెండు పెచ్చులు ఒక ఎత్తు.

జబ్బు పేరు ఆఫ్రికన్ టిక్ బైట్ ఫీవర్. కారణం రికెట్సియా ఆఫ్రికే అనే బాక్టీరియా. దాన్ని మోసేది అంబ్లియోమా జాతి పిడుదు, మన ఊళ్లలో పశువుల్ని పట్టుకుని వదలని పిడుదులకీ గోమార్లకీ దగ్గరి చుట్టమే. 1930ల్లోనే ప్రిటోరియాలో పైపర్ అనే శాస్త్రవేత్త ఇది మధ్యధరా ప్రాంతపు మచ్చల జ్వరం కాదు, వేరే జబ్బు అని వాదించాడు. ఆ మాటను చాలాకాలం ఎవరూ ఒప్పుకోలేదు. 1990ల్లో జింబాబ్వేలో ఒక రోగి నుంచి ఈ బాక్టీరియాను వేరుచేశాక, 1996లో దీనికి ఇప్పటి పేరు స్థిరపడింది. ఈ తేడా పుస్తకాలకే పరిమితమైంది కాదు. మధ్యధరా రకం కుక్కల మీది పిడుదులతో వస్తుంది, ఒక్కోసారి ప్రాణాల మీదికి తెస్తుంది. ఆఫ్రికే రకం మనిషిని మంచాన పడేస్తుంది గానీ ప్రాణాపాయం దాదాపు లేదు. ఒకే మనిషికి రెండు మూడు పెచ్చులుండటం, కలిసి నడిచినవాళ్లలో పలువురికి ఇంచుమించు ఒకేసారి జ్వరం రావడం దీని లక్షణాలు.

దక్షిణాఫ్రికాలో ఈ జ్వరాన్ని ఎక్కువగా అంటించే అంబ్లియోమా హెబ్రేయమ్ పిడుదు తీరే వేరు. చాలా పిడుదులు గడ్డి కొసన కూర్చుని, ఏదైనా జంతువు రాసుకుంటూ పోతే ఎక్కుతాయి. ఇందులో పెద్దవి అలా కాదు. రాలిన ఆకుల్లో దాక్కుని, దగ్గరికొచ్చిన ప్రాణి ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ పసిగట్టి, నేల మీద పరుగెత్తుకుంటూ వస్తాయి. కాళ్ల మీద తెల్లటి కట్లు, మగవాటి వీపున రంగురంగుల నగిషీ ఉంటాయి కాబట్టి ఇవి కంటికి ఆనతాయి. కనబడనివి పిల్ల పిడుదులు. గసగసాల గింజ కన్నా పెద్దవి కావు, గడ్డి మీద వందల్లో గుంపు కట్టి ఉంటాయి. తల్లి నుంచి గుడ్ల ద్వారానే బాక్టీరియా వీటికి సంక్రమిస్తుంది, అంటే పుట్టాక ఇంకెవరినీ కుట్టని పిల్ల పిడుదు కూడా జ్వరం అంటించగలదు. "నా ఒంటి మీద పిడుదే కనబడలేదు" అన్న మాటకి అందుకే విలువ లేదు.

పెద్ద పిడుదులు అడవిదున్నలు, జిరాఫీలు, ఖడ్గమృగాల మీద బతుకుతాయి. ఆ జంతువులు మధ్యాహ్నం ఎక్కడ నీడ పడితే అక్కడ నిలబడతాయి, పడుకుంటాయి. నడిచే మనుషులు కూడా సరిగ్గా ఆ నీడకే చేరతారు. క్రూగర్ ఉత్తరాన షింగ్వెడ్జి నుంచి మొదలయ్యే మ్ఫొంగోలో నడకలో గీసిన దారి ఉండదు. ఇద్దరు తుపాకీ గైడ్ల వెనక ఎనిమిది మందికి మించకుండా ఒకే వరసలో, ఎక్కువగా జంతువులు వేసిన బాటల వెంట పోతారు. గుడారం, స్టవ్వు, తిండి అన్నీ ఎవరివి వాళ్లే మోసుకోవాలి. ఏప్రిల్‌లో అక్కడ వానలు తగ్గుముఖం పట్టి గడ్డి ఇంకా ఎత్తుగా ఉంటుంది. పిల్ల పిడుదులు ముమ్మరంగా ఉండే కాలం కూడా ఇంచుమించు అదే. మలేరియా కాలం కూడా మే దాకా సాగుతుంది. ఒకే నెలలో రెండు జ్వరాలకీ అవకాశం ఉందన్నమాట.

కాటు పడ్డాక సాధారణంగా 5 నుంచి 7 రోజులకు, ఒక్కోసారి 10 రోజులకు జ్వరం మొదలవుతుంది. నాకు ముందు వచ్చింది తలనొప్పి, కళ్ల వెనక నుంచి మెడ దాకా ఒకే పట్టు. గడ్డాన్ని ఛాతీకి ఆనించబోతే మెడ వెనక కండరాలు గుంజేసేవి. ఈ జ్వరంలో మెడ కండరాల నొప్పి బాగా కనిపించే లక్షణమే, అయితే అది మెదడు పొరల వాపు కాదని తేల్చాల్సింది డాక్టరే. సాయంత్రానికి చలి, 103 డిగ్రీల దాకా జ్వరం. మర్నాటికి గజ్జల్లో బిళ్ల కట్టింది, అడుగు తీసి అడుగు వేస్తే సలుపు. నడుం కింది భాగంలోనో కాళ్ల మీదో కాటు పడితే గజ్జల్లో, చేతుల మీద పడితే చంకలో బిళ్లలు కడతాయి. బిళ్ల ఎటువైపుంటే ఆ వైపు చర్మం మీద పెచ్చు వెతకడం తేలిక. దద్దుర్లు కొందరికే వస్తాయి, అవి లేనంత మాత్రాన ఈ జ్వరం కాదనుకోకూడదు. నాకు రాలేదు.

పరీక్షల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, గందరగోళమంతా ఇక్కడే. ఆఫ్రికా మలేరియాలో ఎక్కువ భాగం ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం, అది ఒకటి రెండు రోజుల్లోనే విషమించగలదు. కాబట్టి నల్ల పెచ్చు కళ్లెదుట ఉన్నా సరే, ముందు ర్యాపిడ్ కార్డు టెస్టు, దాంతోపాటు రక్తపు స్మియర్ (గాజు పలక మీద రక్తం పరిచి మైక్రోస్కోపులో చూడటం) చేయించాలి. నెగెటివ్ వస్తే 12 నుంచి 24 గంటల ఎడంతో మళ్లీ, మొత్తం మూడు సార్లు. నేను మలేరియా రాకుండా వేసుకునే అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ మాత్రలు వాడుతూనే ఉన్నాను, అయినా మలేరియా పరీక్ష తప్పలేదు. ఆ మాత్రలు పిడుదు జ్వరాన్ని ఆపవన్నది వేరే విషయం.

మలేరియా పక్కకు పోయాక మన దగ్గర రిపోర్టు చూడగానే తట్టేది డెంగీ. నా ప్లేట్‌లెట్లు లక్షన్నరకు కాస్త దిగువన, లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు తక్కువ, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ ఎక్కువ, కాలేయ ఎంజైములు కొంచెం పైకి. ఇవన్నీ పిడుదు జ్వరంలోనూ మామూలే. డెంగీకి చేసే ఎన్‌ఎస్‌1 పరీక్ష నెగెటివ్. తర్వాత టైఫాయిడ్‌కి చేసే వైడాల్ రక్త పరీక్ష కొంచెం పాజిటివ్ అనడంతో టైఫాయిడ్ అనుకుని సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ సెలైన్‌లో ఎక్కించారు. మన దేశంలో ఒక్కసారి చేసిన వైడాల్‌ను నమ్మి మందు మొదలుపెట్టడం పాత అలవాటు. టీకా వేయించుకున్నా, ఎప్పుడో టైఫాయిడ్ వచ్చిపోయినా అది పాజిటివ్ చూపించగలదు. పైగా రికెట్సియా మన కణాల లోపల, ముఖ్యంగా రక్తనాళాల లోపలి పొరలో కాపురం ఉంటుంది. పెన్సిలిన్ కుటుంబపు మందులు గానీ, సెఫ్ట్రియాక్సోన్ ఉన్న సెఫలోస్పోరిన్ కుటుంబపు మందులు గానీ దీని మీద పనిచేయవు. ఎన్ని సీసాలు ఎక్కించినా జ్వరం కదలకపోవడానికి కారణం అదే.

పెచ్చును గుర్తుపట్టింది స్క్రబ్ టైఫస్ కేసులు చూసిన డాక్టరు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ జబ్బు తెలిసిందే. చిగ్గర్ అనే సూక్ష్మమైన పురుగు కుట్టిన చోట అచ్చం ఇలాంటి నల్ల పెచ్చే వస్తుంది, పిడుదు జ్వరానికిలాగే దానికీ మందు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్కే. అందుకని మన దగ్గర "జ్వరం, పెచ్చు" అనగానే సరైన మందు వైపు ఆలోచించగలిగే వైద్యులు దొరుకుతారు, అది అదృష్టమే. కానీ స్క్రబ్ టైఫస్‌కి చేసే ఐజీఎం అనే యాంటీబాడీ పరీక్ష నెగెటివ్ వచ్చిందని డాక్సీసైక్లిన్ ఆపేస్తే మాత్రం మొదటికే మోసం. క్రిమి వేరు, ఆ పరీక్షకు ఇది అందదు. రికెట్సియా జ్వరాలకు చేసే వైల్-ఫెలిక్స్ అనే పాత రక్త పరీక్ష మన ల్యాబుల్లో చవగ్గా దొరుకుతుంది గానీ చాలా కేసుల్ని వదిలేస్తుంది. ఆఫ్రికే రకానికి యాంటీబాడీలు రక్తంలో కనిపించడానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు, మందు త్వరగా మొదలుపెడితే కొందరిలో అసలు కనిపించవు కూడా. పెచ్చు కింది నుంచి తీసిన నమూనాతో, క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష చేస్తే త్వరగా తేలుతుంది, అయితే అది పెద్ద కేంద్రాల్లోనే దొరుకుతుంది. నడక చరిత్ర, పెచ్చు, బిళ్ల, మలేరియా నెగెటివ్: ఈ నాలుగూ కలిస్తే రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టడమే పద్ధతి.

డాక్టరుకి చెప్పాల్సినవి కాగితం మీద రాసుకుని పోవడం మంచిది, జ్వరంలో సగం గుర్తుండవు. ఏ దేశం, పార్కులో ఏ భాగం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, గడ్డిలో నడిచారా, నేల మీద పడుకున్నారా, ఏ మలేరియా మాత్రలు ఎప్పటిదాకా వేసుకున్నారు, వెంట వచ్చినవాళ్లలో ఇంకెవరికైనా జ్వరం ఉందా. "ఆఫ్రికా వెళ్లొచ్చాను" అంటే చాలదు.

పెద్దవాళ్లకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, సాధారణంగా 7 రోజులు. గర్భిణులకు అజిత్రోమైసిన్ లాంటి ప్రత్యామ్నాయం, పిల్లలకు బరువును బట్టి మోతాదు డాక్టరే నిర్ణయిస్తారు. మాత్ర వేసుకునే తీరే సగం వైద్యం. తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో, కూర్చునో నిలబడో మింగాలి, తర్వాత కనీసం అరగంట నడుం వాల్చకూడదు. గొంతు దిగకుండా అన్నవాహికలో అతుక్కుంటే అక్కడ పుండు పడుతుంది, జ్వరం పోయినా మింగుడు పడదు. రాత్రి మాత్ర పడుకోబోయే ముందు కాకుండా భోజనం అయిన వెంటనే వేసుకోవాలి. ఐరన్, కాల్షియం, జింక్ మాత్రలు, యాంటాసిడ్లు ఈ మందును పేగుల్లో పట్టేసి రక్తంలోకి పోనివ్వవు. రెండు మూడు గంటల ఎడం ఉండాలి. పాలు, పెరుగు కూడా కొంత అడ్డం పడతాయి, కాబట్టి మాత్ర పూటల్లో చారన్నం, జావ, ఇడ్లీ తిని, పెరుగన్నాన్ని మధ్యాహ్నానికి జరిపాను. ఇంకొకటి, ఈ మందు వాడుతున్నప్పుడు ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది. హైదరాబాద్ ఏప్రిల్ ఎండలో పొడుగు చేతుల చొక్కా లేకుండా బయటికి పోకూడదు.

జ్వరానికి పారాసెటమాల్ చాలు, ఆరు గంటలకొకసారి. డెంగీ కాదని తేలేదాకా డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లూ ఐబుప్రొఫెన్ మాత్రలూ వద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్లకు ఒకటి, కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి.

డాక్సీసైక్లిన్ పడ్డాక జ్వరం రెండు రోజుల్లోపే దిగింది. ఇది మామూలుగా జరిగేదే. ముందుగా వదిలేది తలనొప్పి, ఆఖరున వదిలేది నీరసం. బిళ్లలు కరగడానికి కొన్ని వారాలు పడుతుంది, రోజూ నొక్కి చూసుకుంటే ఇంకా నొప్పే. పెచ్చును గిల్లకూడదు. సబ్బునీళ్లతో కడిగి, పొడిగా ఉంచి, బట్ట ఒరుసుకోకుండా పలచటి గాజుగుడ్డ కప్పితే దానంతట అదే ఊడుతుంది. కింద చిన్న గుంట, కొన్నాళ్లు మచ్చ మిగులుతాయి. నడక మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ముందు చదునైన దారిలో, బరువు లేకుండా. మెట్లెక్కితే కాళ్లు వణకడం తగ్గాకే వీపున సంచి. జ్వరం మనిషి నుంచి మనిషికి అంటదు కాబట్టి ఇంట్లో విడిగా ఉండాల్సిన పని లేదు.

ఇక మళ్లీ వెళ్లేవాళ్ల కోసం. బట్టలకు పెర్మెత్రిన్ అనే పురుగుల మందు 0.5 శాతం స్ప్రే ముందురోజే కొట్టి పూర్తిగా ఆరనివ్వాలి. ప్యాంటు, సాక్సులు, బూట్లు, గుడారం గుమ్మం మరిచిపోకూడదు. అది చర్మానికి రాసుకునేది కాదు, తడిగా ఉన్నప్పుడు పిల్లులకు విషం. ఒంటికి పురుగుల్ని తరిమే 20 నుంచి 30 శాతం డీట్ గానీ 20 శాతం పికారిడిన్ గానీ, సన్‌స్క్రీన్ రాసుకున్న తర్వాతే. డీట్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది, బైనాక్యులర్లు పట్టుకునే ముందు అరచేతులు తుడుచుకోవాలి. లేత రంగు ప్యాంటు అంచుల్ని సాక్సుల్లోకి దోపి పైన టేపు చుట్టడం చూడ్డానికి వింతగా ఉంటుంది గానీ బాగా పనిచేస్తుంది. నీడలో ఆగినప్పుడు ఆకుల మీద చతికిలబడకుండా మ్యాట్ పరుచుకోవాలి. బహిర్భూమికి గడ్డి లేని నేల చూసుకోవాలి. గజ్జల్లో, పిరుదుల మీద కాట్లు ఎక్కువగా అక్కడే పడతాయి. విప్పిన బట్టల్ని పొదల మీద ఆరేయకూడదు.

సాయంత్రం గుడారం వేశాక, వెలుతురుండగానే ఒళ్లు వెతుక్కోవాలి. పెద్ద పిడుదు దొరికితే సన్నమొన పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా, కుదపకుండా నిటారుగా లాగాలి. అగ్గిపుల్ల, కిరోసిన్, కొబ్బరినూనె లాంటి ఊళ్లో చిట్కాలు వద్దు. పిడుదు నలిగినా కంగారుపడినా లాలాజలం ఇంకాస్త లోపలికి కక్కుతుంది. తర్వాత సబ్బు, స్పిరిట్. పిల్ల పిడుదుల గుంపును పట్టుకారుతో ఏరలేం. వెడల్పాటి జిగురు టేపు ముక్కను అద్ది, లాగి, మడిచి పారేయాలి.

డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన 48 గంటలకీ జ్వరం దిగకపోతే అది పిడుదు జ్వరం కాదేమోనని అనుమానించాలి, లేదా దానితో పాటు ఇంకోటి ఉండొచ్చు. మళ్లీ మలేరియా స్మియర్, బ్లడ్ కల్చర్ చేయించాలి. మగత, వాంతులు ఆగకపోవడం, పచ్చకామెర్లు, ఆయాసం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా 48 గంటలు కూడా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. క్రూగర్ నుంచి వచ్చాక మూడు నెలల దాకా ఏ జ్వరం వచ్చినా, పిడుదు జ్వరం ఒకసారి తగ్గిపోయినా సరే, మలేరియా పరీక్ష మళ్లీ మొదటి నుంచే.