ఉద్దానం కిడ్నీలు, కొవ్వు పొరలో దాచిన మందు

కవిటి, సోంపేట, కంచిలి వైపు నుంచి వచ్చే రోగికి కాస్త పెద్ద ఇంజెక్షన్ ఏది రాసినా, మా మందుల కౌంటర్ దగ్గర వారి బంధువులు ధర కంటే ముందు అడిగే ప్రశ్న ఒకటే: “దీనివల్ల కిడ్నీలకేటీ అవదు కదా బాబూ?” కారణం ఇంకా పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా పీడిస్తున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఆ భయం సహజమే. ఫంగస్‌ను చంపే ఇంజెక్షన్ యాంఫోటెరిసిన్-బి విషయంలో ఆ భయానికి గట్టి ఆధారం కూడా ఉంది.

2021 వేసవిలో బ్లాక్ ఫంగస్ వల్ల ఈ మందు పేరు అందరి నోళ్లలోనూ నానింది. ఇది ఫంగస్ కణాల పొరలోని ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థాన్ని పట్టుకుని ఆ పొరకు చిల్లులు పెడుతుంది. మన కణాల పొరల్లో ఉండే కొలెస్ట్రాల్ దానికి దగ్గరి పోలిక గలది కాబట్టి మందు కొంతవరకు మన కణాలనూ దెబ్బతీస్తుంది. ఆ దెబ్బ ఎక్కువగా తగిలేది కిడ్నీలకే. పైత్యరస లవణంతో కలిపి తయారుచేసే పాత రకం ఎక్కిస్తే చలిజ్వరం రావడం, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరును తెలిపే కొలత) పెరగడం, పొటాషియం పడిపోవడం తరచుగా కనిపించేవి.

ఈ ముప్పును తగ్గించిన కొత్త రకం లైపోసోమల్ యాంఫోటెరిసిన్. దీనికి దారి చూపిన పరిశోధన 1960లలో ఇంగ్లండ్‌లో అలెక్ బాంగమ్ చేసినది. కణాల పొరల్లో ఉండే ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వులను నీటిలో కలిపితే, నీటిని ఇష్టపడే తలలు బయటికి, ఇష్టపడని తోకలు లోపలికి తిరిగి, రెండు వరసల పొరగా అమరి, వాటంతటవే మూసుకుపోయిన బుడగలవుతాయి. అవే లైపోసోములు. 1995లో అమెరికాలో అనుమతి పొందిన క్యాన్సర్ మందు లైపోసోమల్ డాక్సోరుబిసిన్‌లో మందు బుడగ లోపలి నీటిలో ఉంటుంది. యాంఫోటెరిసిన్ మాత్రం పొరలోనే ఇమిడిపోతుంది. వంద నానోమీటర్లకు లోపు ఉండే ఆ బుడగ రక్తంలో సులభంగా విచ్చుకోదు, కాలేయమూ ప్లీహమూ దానిలో చాలా భాగాన్ని పట్టుకుంటాయి, కిడ్నీకి చేరే వాటా తగ్గుతుంది. మందు బలం పెరిగిందని చాలామంది అనుకుంటారు గానీ, నిజానికి మారింది అది ఒంట్లో చేరే చోటు. (కోవిడ్ ఎమ్ఆర్ఎన్ఏ టీకాలలోని లిపిడ్ కణాలు ఈ కుటుంబానివే అయినా వాటి నిర్మాణం వేరు. మన ఊళ్లలో ఎక్కువమంది వేయించుకున్న కోవిషీల్డ్, కోవాగ్జిన్‌లలో అవి లేవు.)

ఇక కలిపే పద్ధతి. యాభై మిల్లీగ్రాముల సీసాలోని పసుపు పొడికి 12 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ చేర్చి, కనీసం ముప్పై సెకన్లు గట్టిగా కుదిపి, ముద్దలేవీ మిగల్లేదని వెలుతురులో చూసుకుని, 5 మైక్రాన్ల ఫిల్టర్ గుండా 5 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ నీరు)లోకి ఎక్కించాలి. సెలైన్, అంటే ఉప్పునీరు, తగిలితే మందు విరిగి అడుగుకు దిగుతుంది. చిక్కేమిటంటే, కిడ్నీల రక్షణ కోసం ఈ మందుకు ముందు సెలైన్ ఎక్కించమని డాక్టర్లే రాస్తారు. కొత్తగా చేరిన నర్సు అదే లైనులో వెంటనే మందు కలిపితే తప్పు ఆమె ఒక్కతెదీ కాదు. మధ్యలో డెక్స్‌ట్రోజ్‌తో లైను కడగాలని కేస్ షీటులో ఎవరూ రాయకపోవడం కూడా తప్పే.

అంతకన్నా ప్రమాదకరమైనది పేరు. బ్లాక్ ఫంగస్‌కు లైపోసోమల్ రకం కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. అరవై కిలోల మనిషికి రోజుకు ఆరు సీసాలు. పాత రకమైతే కిలోకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. చీటీలో ఉత్త “యాంఫోటెరిసిన్” అని ఉండి, లైపోసోమల్ మోతాదులో పాత రకం ఎక్కితే గుండె ఆగిపోవచ్చు. అందుకే “లైపోసోమల్” అన్న మాట పూర్తిగా రాయించనిదే మందు ఇవ్వకూడదని నా పట్టుదల. దీనికి విసుక్కున్నవారూ ఉన్నారు.

బంధువుల ప్రశ్నకు నా జవాబు మాత్రం “ఏమీ కాదు” అని కాదు. ముప్పు తగ్గుతుంది, పోదు. క్రియాటినిన్, పొటాషియం, మెగ్నీషియం పరీక్షలు చికిత్స జరిగినన్నాళ్లూ చేయిస్తూనే ఉండాలి. ఉద్దానం నుంచి వచ్చేవారు పాత రక్తపరీక్షల కాగితాలు ఇంట్లో వదిలేయకుండా వెంట తెచ్చుకుంటే, మొదటి సీసా ఎక్కించకముందే క్రియాటినిన్ ఎంత ఉండేదో డాక్టరుకు తెలుస్తుంది.