భైరవ, మల్లి: ఒకే గడప లోపల తొమ్మిది వారాలు

జూన్ మొదటి వారంలో బెంగళూరు మారతహళ్లిలోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, వర్షానికి తడిసి ముద్దయిన పిల్లిపిల్ల ఒకటి స్కూటర్ కింద దొరికింది. వాచ్‌మన్ కన్నడలో ‘బెక్కిన మరి’ (పిల్లిపిల్ల) అంటూ నా చేతిలో పెట్టిన ఆ పిల్లకు పది వారాలు ఉంటాయని డాక్టర్ పళ్లు చూసి చెప్పారు. మల్లి అని పేరు పెట్టుకున్నాం. అప్పటికే ఇంట్లో భైరవ ఉన్నాడు. నాలుగేళ్ల నాటు కుక్క, 19 కిలోల బరువు, ఉడత కనిపిస్తే బెల్టు తెంపుకునేంత ఊపు. ‘కుక్కా పిల్లీ ఒక్క గడప లోపల ఇమిడేదెక్కడరా’ అని అమ్మ బెంగపడింది. నాకూ అదే బెంగ ఉండటం వల్ల మొదటి రోజు నుంచీ జరిగినదంతా నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను.

మొదటి రెండు వారాలు మల్లిని నేను ఆఫీసు పని చేసుకునే గదిలోనే ఉంచి తలుపు వేశాను. పరిచయం నిదానంగా జరగాలన్నది ఒక కారణమైతే, ఆరోగ్యం రెండో కారణం. వీధిలో పుట్టిన పిల్లికి తామర గాని చెవి పురుగులు గాని ఉంటే అవి కుక్కకు కూడా అంటుకుంటాయి, తామరైతే మనిషినీ వదలదు. మొదటి టీకా ఆ రోజుల్లోనే వేయించాను. ఒకరి వాసన ఒకరికి అలవాటు కావాలని రోజూ ఒక పాత తువ్వాలుతో మల్లి బుగ్గలు తుడిచి భైరవ పక్క మీద, భైరవ మెడ తుడిచిన గుడ్డను మల్లి బుట్టలో పెట్టేవాడిని. తలుపుకు ఇటు ఒకరి గిన్నె, అటు ఒకరి గిన్నె. మొదట రెండు మీటర్ల దూరంలో ఉన్న గిన్నెలు పదో రోజుకు తలుపు వారకు చేరాయి.

మూడో వారంలో తలుపు స్థానంలో చిన్నపిల్లల కోసం అమ్మే గేటు బిగించాను. నా నోటు పుస్తకంలో ఎక్కువ పేజీలు తీసుకున్నది ఈ దశే. భైరవ మొరగలేదు, గుర్రుమనలేదు, తోక కూడా ఊపాడు. ఇంట్లో వాళ్లంతా సంతోషించారు గాని నాకు నచ్చనిది అతని చూపు. నోరు మూసుకుని, చెవులు ముందుకు నిక్కించి, ఒంటి బరువంతా ముందుకాళ్ల మీదికి తెచ్చి, రెప్ప వేయకుండా చూస్తున్నాడు. అది స్నేహం కాదు, వేటకు ముందు కుక్క చూసే చూపు. మొరిగే కుక్క కంటే ఇలా బిగుసుకుపోయిన కుక్క విషయంలోనే ఎక్కువ జాగ్రత్త పడాలని నా అభిప్రాయం. అందుకని ఉదయం గంటసేపు నడిపించి తెచ్చాక, బెల్టు నా నడుముకు కట్టుకుని, గేటుకు నాలుగు మీటర్ల దూరంలో కూర్చోబెట్టి, అతను తనంతట తాను మల్లి మీద నుంచి చూపు తిప్పిన ప్రతిసారీ ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి ఇచ్చేవాడిని. పూటకు ఐదు నిమిషాలు, రోజుకు రెండు పూటలు. మొదటి రోజు చూపు తిప్పడానికి 40 సెకన్లు పట్టింది, ఎనిమిదో రోజుకు 12 సెకన్లకు వచ్చింది.

తొమ్మిదో రోజున కొరియర్ అబ్బాయి బెల్లు కొట్టిన హడావుడిలో నేను గేటు గొళ్లెం వేయడం మరిచిపోయాను. మల్లి పరుగెత్తింది, భైరవ వెంటపడ్డాడు. ఫ్రిజ్ వెనక ఇరుక్కుని, ఒళ్లంతా నిక్కబొడుచుకుని బుస్సుమంటున్న ఆ పిల్లను బయటికి తీయడానికి గంటన్నర పట్టింది. గాయం కాలేదు గాని ఆ రాత్రి తిండి ముట్టలేదు. అంత చిన్నపిల్ల పస్తుంటే త్వరగా నీరసించిపోతుంది కాబట్టి, తెల్లవారి ఉడికించిన చేప నాకేదాకా నాకు నిద్ర లేదు. తప్పు పూర్తిగా నాదే. మళ్లీ తలుపు మూసి, ఐదు రోజులు తువ్వాలు దశ నుంచి మొదలుపెట్టాను.

ఆ సంఘటన తరువాత ఇంటి అమరిక మార్చాను. పుస్తకాల అరమర నుంచి ఫ్రిజ్ మీదికి, అక్కడి నుంచి అటక మీదికి, నేల తాకకుండా వెళ్లే దారి చెక్క పలకలతో ఏర్పడింది. పలకలు జారకుండా వాటికి గోనెపట్టా అతికించాను. లిట్టర్ ట్రే (మల్లి మలమూత్రాలకు వాడే పళ్లెం) ఉన్న బాత్రూం తలుపు పిడికి నవారు ముక్క ముడివేసి, గోడ కొక్కేనికి తగిలించి, 11 సెంటీమీటర్ల సందు వదిలాను. మల్లి దూరుతుంది, భైరవకు మూతి మాత్రమే పడుతుంది. పిల్లి మలం తినడానికి కుక్కలు ఎంత ఆశపడతాయో పెంచినవాళ్లకు తెలుసు. మల్లి తిండి వాషింగ్ మెషిన్ మీద పెడుతున్నాను. టారిన్ అనే పోషకాన్ని కుక్క శరీరం తయారు చేసుకోగలదు, పిల్లి చాలినంత తయారు చేసుకోలేదు. అందువల్ల భైరవ తిండితో మల్లిని పెంచడం కుదరదు.

జులై వానలకు భైరవకు పిడుదులు పట్టాయి. దుకాణంలో ఇచ్చిన, మెడ మీద పోసే మందు సీసా తిప్పి చూస్తే అందులో పర్మెత్రిన్ ఉంది. కుక్కకు పనికొచ్చే ఆ మందును పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు. మందు వేసిన కుక్క పక్కన పడుకున్నా, దాని ఒళ్లు నాకినా పిల్లికి వణుకు, మూర్ఛ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. సీసా వాపసు చేసి, డాక్టర్ రాసిన మాత్ర వేశాను. రెండూ ఉన్న ఇళ్లలో ప్రతి మందు చీటీ చదవాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఏడో వారం నుంచి బెల్టుతోనే ఒకే హాల్లో కలిపి ఉంచుతున్నాను. వాటి సైగలు ఒకదానికొకటి అర్థం కావు. భైరవ ముందుకాలు ఎత్తితే ఆటకు పిలుపు, మల్లి ఎత్తితే కొడతానని హెచ్చరిక. ఒకసారి మల్లి కొట్టిన దెబ్బ ముక్కు మీద సన్నని గీతగా పడింది. ఆ తరువాత భైరవ ఆ పంజాను గౌరవించడం నేర్చాడు.

నిన్న 63వ రోజు. మల్లి కూర్చుని ఉంటే భైరవ రెండు సెకన్లలో చూపు తిప్పుతున్నాడు, నడిచినా ఫరవాలేదు. పరుగెత్తినప్పుడు మాత్రం ఇంకా తొమ్మిది సెకన్లు. అందుకే మేము బయటికి వెళ్లినప్పుడూ, రాత్రి పడుకునేటప్పుడూ తలుపు మూసే ఉంచుతున్నాం. వచ్చే రెండు వారాలు మల్లి చేత తాడుకు కట్టిన ఈకను తరిమిస్తూ, భైరవను మళ్లీ నాలుగు మీటర్ల దూరం నుంచి కూర్చోబెడతాను.