బేగంపేట నుంచి జుహూ దాకా, నాగపూర్ మీదుగా

ఎయిరిండియా చరిత్ర అనగానే అందరికీ ముంబయి గుర్తొస్తుంది. ఈ ప్రయాణాన్ని మాత్రం నేను హైదరాబాద్‌లో మొదలుపెట్టి, నాగపూర్‌లో ఆగి, ముంబయిలో ముగించాను. కారణం డెక్కన్ ఎయిర్‌వేస్. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో బేగంపేటలో పెట్టిన కంపెనీ అది. దాని ముఖ్యమైన రూటు మద్రాసు, హైదరాబాద్, నాగపూర్, భోపాల్, ఢిల్లీ. ఆ గీత మీదే నాగపూర్ దాకా వెళ్లి, అక్కడినుంచి పడమరకు తిరగాలన్నది నా ఆలోచన.

బేగంపేటలో ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో ఆగిపోయాయి. ప్రకాశ్‌నగర్ మెట్రో స్టేషన్‌లో దిగితే పాత విమానాశ్రయం పక్కనే. లోపలికి మామూలుగా రానివ్వరు. వింగ్స్ ఇండియా అనే విమానాల ప్రదర్శన జరిగినప్పుడు సామాన్యులకు కేటాయించిన రోజుల్లో టికెట్ కొనుక్కుని వెళ్లొచ్చు. ఆప్రాన్ మీద, అంటే విమానాలు నిలిపే చోట నిలబడి రన్‌వే చూడాలంటే అదొక్కటే మంచి అవకాశం. ఉత్తరం వైపు ఫిరోజ్‌గూడలో, తర్వాత ఎయిరిండియాలో కలిసిపోయిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ శిక్షణ కేంద్రం ఉండేది. పైలట్ల వాడుకలో సీటీఈ (సెంట్రల్ ట్రెయినింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్). నేల మీదే విమానం నడపడం నేర్పే సిమ్యులేటర్ల కోసం దేశం నలుమూలల నుంచి పైలట్లు దశాబ్దాల పాటు అక్కడికే వచ్చేవారు. ఎయిరిండియా కథలో హైదరాబాద్ వాటా చాలామంది అనుకునేదానికంటే పెద్దది.

నాగపూర్‌కు సికింద్రాబాద్ నుంచి వందేభారత్ ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకు బయల్దేరి, కాజీపేట, రామగుండం, బల్లార్షా మీదుగా రాత్రి ఎనిమిది దాటాక చేరుస్తుంది. గాలిలో బేగంపేట, నాగపూర్‌ల మధ్య దూరం సుమారు 410 కిలోమీటర్లు. గంటకు 260 కిలోమీటర్ల వేగంతో పోయే డకోటాకు (ఆ రోజుల్లో అందరూ వాడిన రెండింజన్ల డీసీ-3 విమానం) గంటన్నర పైచిలుకు పని. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికన్ సైన్యం వదిలేసిన డకోటాలు చవగ్గా దొరికాయి. దాంతో దేశంలో విమాన కంపెనీలు ఎడాపెడా లైసెన్సులు తెచ్చుకున్నాయి. ఉన్న ప్రయాణికులు అందరికీ చాలలేదు. కంపెనీలు మరీ ఎక్కువయ్యాయని 1950లో ప్రభుత్వం వేసిన రాజాధ్యక్ష విచారణ కమిటీ తేల్చింది. 1953 ఆగస్టు 1న డెక్కన్ ఎయిర్‌వేస్ సహా ఎనిమిది దేశీయ కంపెనీలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. విదేశీ సర్వీసులు ఎయిరిండియా ఇంటర్నేషనల్‌కు దక్కాయి. కొత్త సంస్థకు వారసత్వంగా వచ్చిన విమానాలు 99. అందులో 74 డకోటాలు, 12 వైకింగులు, 3 స్కైమాస్టర్లు, మిగతావి చిల్లర రకాలు. ఇన్ని చేతుల నుంచి వచ్చిన విమానాలను ఒకే టైంటేబుల్ కిందికి తేవడం ఎంత కష్టమో హ్యాంగర్‌లో పనిచేసినవాళ్లకే తెలుస్తుంది. రకం మారితే విడిభాగాల స్టాకు మారుతుంది, మెకానిక్ లైసెన్సు మారుతుంది, పైలట్ రేటింగ్ మారుతుంది. ఒక ఊళ్లో వైకింగు చెడిపోతే పక్కనే ఖాళీగా ఉన్న డకోటా సిబ్బంది దాన్ని ముట్టుకోలేరు.

నాగపూర్‌లో నేను చూడదలచుకున్నది సోనేగావ్ విమానాశ్రయం. స్టేషన్ నుంచి ఆటోలో అరగంట లోపే. ఈ ఊరు దేశానికి నడిబొడ్డున ఉందని జీరో మైల్ రాయి దగ్గర అందరూ ఫోటోలు దిగుతారు. ఆ భౌగోళికానికి అసలు విలువ కట్టింది మాత్రం రాత్రి తపాలా విమానాలే. 1949 జనవరి చివర మొదలైన ఈ పద్ధతిలో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నుంచి రాత్రిపూట ఒక్కో విమానం లేచేది. నాలుగూ అర్ధరాత్రి దాటాక సోనేగావ్‌లో కలిసేవి. సంచులు మార్చుకుని, తెల్లవారేసరికి ఎక్కడివి అక్కడికి చేరేవి.

దీని లెక్క చూస్తే ముచ్చటేస్తుంది. నాలుగు నగరాలు, ప్రతి నగరం నుంచి మిగతా మూడింటికి ఉత్తరాలు. అంటే 12 రకాల సంచులు. నేరుగా పంపాలంటే రోజూ 12 ప్రయాణాలు కావాలి. నాగపూర్‌లో కలిపితే నాలుగు విమానాలు, 8 ప్రయాణాలతో సరి. పైగా బొంబాయి, కలకత్తాల మధ్య డకోటా మధ్యలో ఎలాగూ ఇంధనం కోసం దిగాలి, ఆ దిగేదేదో ఇక్కడే. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి మామూలు ఉత్తరాలను కూడా అదనపు చార్జీ లేకుండా విమానంలో పంపే పథకం వచ్చింది. ఈ రాత్రి విమానాలు లేకపోతే అది నిలిచేది కాదు. అమెరికాలో మెంఫిస్ కేంద్రంగా పార్శిళ్ల కంపెనీ ఇదే పద్ధతి మొదలుపెట్టింది 1973లో. మనవాళ్లు అంతకు ఇరవై నాలుగేళ్ల ముందే చేసి చూపారు.

కష్టమంతా సమయం కుదర్చడంలోనే. సోనేగావ్ నుంచి బొంబాయి సుమారు 680 కిలోమీటర్లు, ఢిల్లీ 855, మద్రాసు 910, కలకత్తా 985. బొంబాయి విమానానికి రెండున్నర గంటలు పైన పడితే, కలకత్తా విమానానికి నాలుగు గంటలకు కాస్త తక్కువ. అందుకని కలకత్తాది గంటకు పైగా ముందే లేవాలి, ఆ ఊరి తపాలా అంతకు ముందే కట్టలు కావాలి. ఒక్క విమానం ఆలస్యమైతే మిగతా మూడూ కూర్చోవాలి. ఆగితే మూడు నగరాల తపాలా ఆలస్యం, ఆగకపోతే ఒక నగరం ఉత్తరాలు ఒక రోజు వెనక్కి. చలికాలంలో ఢిల్లీ పొగమంచు, వానాకాలంలో దారి పొడవునా ఉరుముల మేఘాలు. డకోటాలో ప్రెషరైజేషన్ (ఎత్తులో లోపల గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు) లేదు కాబట్టి మేఘాల పైకి ఎక్కి తప్పించుకునే వీల్లేదు. ఆ సంచులతో పాటు తక్కువ చార్జీకి ప్రయాణికులూ ఎక్కేవారు. 1953 డిసెంబరు 12 రాత్రి ఇక్కడ లేచిన డకోటా ఎడమ ఇంజన్ శక్తి కోల్పోయింది. వెనక్కి దిగబోయి కూలింది. 13 మంది పోయారు, పైలట్ ఒక్కడే బతికాడు. ఆ మర్నాడు పొద్దున ఇళ్లకు అందే ఉత్తరాల వెనక ఇంత ప్రమాదం ఉండేది. టెర్మినల్‌లో దీని గుర్తుగా ఒక పలక అయినా ఉండాలని నా గట్టి అభిప్రాయం.

అదే విమానాశ్రయం ఆనుకుని మిహాన్ అనే పారిశ్రామిక ప్రాంతంలో విమానాల మరమ్మతు కేంద్రం ఉంది. ఎయిరిండియా 68 విమానాలు ఆర్డరిచ్చినందుకు బదులుగా బోయింగ్ సుమారు 50 ఎకరాల్లో కట్టించి 2015లో అప్పగించింది. పెద్ద బోయింగ్ 777 పట్టే హ్యాంగర్లు రెండు. 2022 జనవరి 27న ఎయిరిండియా తిరిగి టాటాల చేతికి వెళ్లినప్పుడు ఈ కేంద్రాన్ని నడిపే ఇంజినీరింగ్ కంపెనీ ఆ అమ్మకంలో లేదు, ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది.

ముంబయికి విమానంలో గంటన్నర. ఎయిర్‌పోర్టు నుంచి జుహూ ఏరోడ్రోమ్ దగ్గరే. ఇప్పుడు అది హెలికాప్టర్ల స్థావరం, గోడ బయటి నుంచే చూడాలి. తర్వాత ఎయిరిండియాగా మారిన టాటాల సర్వీసు తొలిరోజు, 1932 అక్టోబరు 15న, జె.ఆర్.డి. టాటా కరాచీలో పస్ మాత్ అనే చిన్న విమానం ఎక్కి, అహ్మదాబాద్ మీదుగా తపాలాతో దిగింది ఇక్కడే. అహ్మదాబాద్‌లో పెట్రోలు నాలుగేసి గ్యాలన్ల డబ్బాల్లో ఎడ్లబండి మీద వచ్చింది. జుహూ నుంచి టాటా సహచరుడైన పైలట్ నెవిల్ విన్సెంట్ ఆ సంచులను బళ్లారి మీదుగా మద్రాసుకు తీసుకెళ్లాడు. అదీ చేతులు మార్చే పనే. తొలి ఏడాది 155 మంది ప్రయాణికులు, పది టన్నుల లోపు తపాలా, 60 వేల రూపాయల లాభం. ప్రభుత్వ సబ్సిడీ ఏమీ లేదు. జుహూ నేల బురద, పోటు సమయంలో సముద్ర మట్టం కంటే దిగువ. వానాకాలం మునిగిపోయేది కాబట్టి ఆ నెలల్లో సర్వీసు పూనాకు మార్చేవారు.

ముంబయి నుంచి తిరిగి వచ్చేటప్పుడు విమానం పడమరకు లేస్తుంటే కుడి కిటికీ సీటు తీసుకోండి. చక్రాలు లోపలికి పోతుండగానే జుహూ రన్‌వే కనిపిస్తుంది. ముంబయి ప్రధాన విమానాశ్రయం (పాత పేరు శాంతాక్రూజ్) రన్‌వే, జుహూ రన్‌వే దాదాపు ఒకే దిక్కున, ఇంత దగ్గరగా ఉండటం వల్ల సముద్రం వైపు నుంచి వచ్చే పైలట్లు పొరబడ్డారు. 1972 సెప్టెంబరు 24న జపాన్ ఎయిర్‌లైన్స్ డీసీ-8 శాంతాక్రూజ్ అనుకుని జుహూలో దిగి, పొట్టి రన్‌వే చాలక చివర దాటి పోయింది. ఎవరూ చనిపోలేదు.