పొట్ట నొక్కడం మానేశాక

జాలారిపేటలో పుట్టినవాణ్ణి. ఈత ఎప్పుడు వచ్చిందో నాకే గుర్తులేదు. విశాఖ ఆర్కే బీచ్‌లో గజ ఈతగాడిగా చేరినప్పుడు, మునిగేవాణ్ణి ఒడ్డుకు తెచ్చేస్తే మన పని అయిపోయినట్టే అనుకున్నాను. ఆ తర్వాత చేసేదంతా పెద్దవాళ్లను చూసి నేర్చుకున్నదే. బోర్లా పడుకోబెట్టి నొక్కడం, కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఎత్తడం, భుజాన వేసుకుని గిరగిరా తిప్పడం. నోట్లోంచి నీళ్లొస్తే "కక్కేశాడు, ఇంక బతికినట్టే" అనేవాళ్లం. ఒక ఏడాది ఒక కుర్రాడికి అలాగే చేశాం. నీళ్లయితే వచ్చాయి. ఊపిరి రాలేదు.

లైఫ్‌గార్డ్ శిక్షణకు పేరిచ్చింది ఆ తర్వాతే.

పరుగు, ఈత, నీళ్లలో తేలే రెస్క్యూ ట్యూబ్ వేసి మనిషిని లాక్కురావడం మాకు కష్టమనిపించలేదు. ప్రథమ చికిత్స దగ్గరే నాకు అసలు చదువు మొదలైంది. మాస్టారు మొదటి గంటలోనే ఒక మాట చెప్పారు. గుండె జబ్బుతో ఉన్నట్టుండి కుప్పకూలినవాడికి ముందు గుండె ఆగుతుంది, రక్తంలో ఇంకా కొంత ప్రాణవాయువు మిగిలి ఉంటుంది. మునిగినవాడికి ముందు ఊపిరి ఆగుతుంది, ఉన్న ప్రాణవాయువు అయిపోయాకే గుండె ఆగుతుంది. అందుకే ముందు ఐదు శ్వాసలు ఇవ్వాలి, ఆ తర్వాతే ఛాతీ నొక్కాలి.

మాలో అందరికన్నా పెద్దవాడైన బాబాయ్ లేచి అడిగాడు. "మరి కడుపులో నీళ్ల మాటేటి సార్?"

"కడుపులోవి కడుపులోనే ఉండనివ్వండి. నొక్కితే పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పైగా మీరు నొక్కినంతసేపూ వాడికి గాలి అందదు."

బాబాయ్ ఇంకేమీ అడగలేదు. ఆ కుర్రాణ్ణి భుజాన వేసుకుని తిప్పింది ఆయనే. ఆ రాత్రి మా ఇద్దరికీ అన్నం సహించలేదు.

మర్నాడు బొమ్మ మీద సాధన. నేను ఊదిన గాలి బొమ్మ బుగ్గల్లోనే ఉండిపోయింది, ఛాతీ లేవలేదు. మాస్టారు నా చెయ్యి పట్టుకుని చూపించారు. అరచెయ్యి నుదుటి మీద ఆనించి తల వెనక్కి వంచాలి, రెండు వేళ్లతో గడ్డం ఎముకను పైకెత్తాలి. అప్పుడు ఊదితే, తెప్ప అడుగుకు అల వచ్చినప్పుడు అది పైకి లేచినట్టు ఛాతీ మెల్లగా లేచింది. ఒక్కో శ్వాసకు ఒక సెకను, ఛాతీ లేచేంత గాలి చాలు. ఎక్కువ ఊదితే కడుపులోకి పోయి వాంతి వస్తుంది.

నొక్కడంలో నా తప్పు వేరు. వల లాగి అలవాటైన చేతులు కదా, మోచేతులు వంచి గబగబా నొక్కేసేవాణ్ణి. మోచేతులు బిగబట్టి, నడుము పైనున్న ఒంటి బరువంతా వేసి, ఐదారు సెంటీమీటర్ల లోతు దిగాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి రానివ్వాలి. 30 నొక్కితే 2 శ్వాసలు. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, ఎందుకంటే అలసిపోయిన సంగతి చేతులు చెప్పవు, లోతే తగ్గిపోతుంది.

మా ఒడ్డు వాలుగా ఉంటుంది. మనిషిని తల పైకో కిందికో పెట్టకుండా, నీళ్ల అంచుకు సమాంతరంగా, గట్టి ఇసుక మీద పడుకోబెట్టమన్నారు. అన్నేళ్లుగా నాకు తట్టని విషయం అది. ఒడ్డున పడ్డ చేప నోరు తెరిచినట్టు ఎప్పుడో ఒకసారి గాలి ఎగబీలిస్తే అది ఊపిరి కాదనీ, ఆగకుండా మొదలుపెట్టమనీ చెప్పారు. ఏఈడీ, అంటే గుండెకు కరెంటు షాక్ ఇచ్చే యంత్రం ఉంటే ప్యాడ్లు అంటించే ముందు ఛాతీ పొడిగా తుడవాలి. లోతులేని చోట తలకిందులుగా దూకినవాడికి మెడ ఎముక దెబ్బతిందనే అనుకోవాలి, తలా మొండెమూ ఒకే వరసలో పట్టుకుని తిప్పాలి.

పరీక్షలో సగంలో ఉండగా మాస్టారు "వాంతి!" అని అరిచారు. పక్కకు తిప్పి, నోరు శుభ్రం చేసి, మళ్లీ వెల్లకిలా వేసి కొనసాగించాను. పాసయ్యాను. బాబాయ్ కూడా పాసయ్యాడు.

కనుమ నాడు బీచ్‌లో ఇసుక కనిపించనంత జనం. పదిహేడేళ్లుంటాయేమో, ఒకడు అరవకుండా, చెయ్యి ఊపకుండా కిందికి జారిపోయాడు. బయటకు తెచ్చేసరికి ఊపిరి లేదు. నోటి దగ్గర, ముక్కు దగ్గర తెల్లటి నురగ, తుడిచే కొద్దీ వస్తూనే ఉంది. తుడుస్తూ కూర్చోవద్దన్న మాట గుర్తొచ్చింది. మాస్క్ పెట్టి ఊదడం మొదలుపెట్టాను. మావాడొకడు 108కి ఫోన్ చేశాడు.

గుంపులోంచి ఎవరో వచ్చి "పొట్ట నొక్కండ్రా!" అంటూ కాళ్లు పట్టుకోబోయాడు. బాబాయ్ వాడి చెయ్యి పట్టేశాడు. "నొక్కితే చచ్చిపోతాడు బాబూ. ఆళ్లని చెయ్యనీ."

ఐదు శ్వాసలయ్యాయి, చలనం లేదు. 30 నొక్కాను, 2 శ్వాసలు. రెండో విడతలో దగ్గాడు, కక్కాడు. పక్కకు తిప్పి, ఒళ్లు తుడిచి దుప్పటి కప్పాం.

కాసేపటికి కళ్లు తెరిచి మాట్లాడాడు. బంధువులు ఇంటికి తీసుకెళ్లిపోతామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు వెళ్లినవాడికి కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం ముదరొచ్చని వాళ్లమ్మకు చెప్పాను. ఆవిడ కొడుకు పాదం వదల్లేదు, అలాగే అంబులెన్స్ ఎక్కింది. ఆక్సిజన్ పెట్టి తలుపు వేసేదాకా అక్కడే నిలబడ్డాను.

వెనక్కి తిరిగేసరికి బాబాయ్ విజిల్ ఊదుకుంటూ నీళ్ల వైపు వెళ్తున్నాడు. పిల్లలు మళ్లీ లోపలికి దిగుతున్నారు.