ఒక కెమెరా ఆగితే పదహారూ ఆగిపోయాయి

తిరుపతిలోని ఒక సత్రానికి 16 కెమెరాల నిఘా సాఫ్ట్‌వేర్ రాసినప్పుడు నేను అంతా ఒకే ప్రోగ్రాములో పెట్టాను. వీడియో తెచ్చుకోవడం, మనుషులను గుర్తించడం, లెక్కపెట్టడం, రికార్డు చేయడం ఒకే లూపులో వరుసగా సాగేవి. ఒక తెల్లవారుజామున వానకు మెట్ల దగ్గరి కెమెరా వైరు తడిసింది. ఓపెన్‌సీవీ అనే వీడియో లైబ్రరీలో ఫ్రేము (వీడియోలోని ఒక్కో బొమ్మ) చదివే ఫంక్షన్ రాని ఫ్రేము కోసం ఎదురుచూస్తూ నిలిచిపోగా, దానితోపాటు మిగిలిన పదిహేనూ నిలిచిపోయాయి. గుమాస్తా ఫోన్ చేసి, "సార్, వరండాలో జనం బొమ్మల మాదిరి నిలబడిపోయినారు, గడియారం గూడా నాలుగూ పదికాడే ఉండాది" అన్నారు.

ఆ తర్వాత కెమెరాకు ఒక ప్రాసెస్ (విడిగా నడిచే ప్రోగ్రాము) చొప్పున విడదీశాను. ఆర్‌టీఎస్‌పీ (కెమెరా వీడియోను నెట్‌వర్క్ మీదుగా అందించే పద్ధతి) ద్వారా వచ్చిన వీడియోను డీకోడ్ చేసి (కుదించినదాన్ని బొమ్మలుగా విప్పి), ఫ్రేము అందిన క్షణంలోనే దానికి సమయం వేసి, రెండు ఫ్రేములు మాత్రమే పట్టే క్యూలో ఉంచడమే ఆ ప్రాసెస్ పని. క్యూ నిండితే పాత ఫ్రేమునే పారేయాలి. కెమెరా సెకనుకు 25 ఫ్రేములు పంపుతుండగా గుర్తించే మోడల్ ఎనిమిదింటినే చూడగలిగితే, ఏదీ పారేయని వ్యవస్థ ఒక్క నిమిషంలోనే దాదాపు 41 సెకన్లు వెనకబడుతుంది. అయితే హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతిలో చాలా ఫ్రేములు ముందువాటి మీద ఆధారపడతాయి కాబట్టి, డీకోడ్ చేయకముందే పారేస్తే బొమ్మ చెదిరిపోతుంది. రికార్డింగ్‌కు మాత్రం ఈ క్యూతో సంబంధం లేదు. కెమెరా పంపిన వీడియో ఉన్నదున్నట్టుగా డిస్కుకు చేరుతుంది.

ఇలా విడివిడి భాగాలుగా (మాడ్యూళ్లుగా) రాయడం విలువ నాకు నిజంగా తెలిసింది గుండ్ల దగ్గర. ఒక కెమెరాలో కనిపించిన మనిషే మరో కెమెరాలో కనిపించాడా అని రూపాన్నిబట్టి పోల్చే భాగం, జుట్టుతో వెళ్లి గుండుతో తిరిగివచ్చిన వారిని కొత్తవారిగా లెక్కగట్టింది; అయిదుగురి కుటుంబం సాయంత్రానికి పదిమంది అయింది. (ఈ ఊరివాడినై ఉండి ముందే ఊహించకపోవడం నా తెలివితక్కువతనమే.) అదృష్టవశాత్తు ఆ భాగానికి అందేవి కెమెరా సంఖ్య, సమయం, మనిషి చుట్టూ గీసిన పెట్టె, కత్తిరించిన బొమ్మ మాత్రమే కాబట్టి, దాన్ని మొత్తంగా తీసేసి, గుమ్మం దగ్గర ఒక గీత గీసి, లోపలికి దాటినవారిని కూడి బయటికి దాటినవారిని తీసివేసే చిన్న మాడ్యూల్‌ను పెట్టాను. గుర్తించే మోడల్‌లో ఒక్క వాక్యం కూడా మార్చవలసిన అవసరం రాలేదు. బొమ్మలు పోల్చే పనే లేకపోవడంతో, కత్తిరించిన బొమ్మలను దాచడం కూడా మానేశాను.

మెట్ల దగ్గరి వైరు వానకు ఇప్పటికీ తడుస్తూనే ఉంటుంది. తెరమీద ఆ కెమెరా గడి ఒక్కదానిలో "సిగ్నల్ లేదు" అని కనిపిస్తుంది. గుమాస్తా నాకు కాకుండా ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తారు.