దెయ్యానికీ ఒక షరతు ఉండాలి

టీనేజ్ పిల్లల కోసం దెయ్యం కథ రాయాలనుకునేవాళ్ళు చాలామంది ముందు దాని రూపం గురించి ఆలోచిస్తారు. ఎర్రటి కళ్ళు, వెనక్కి తిరిగిన పాదాలు, జడలు కట్టిన జుట్టు. వీటితో రెండు పేజీలు భయపెట్టొచ్చు, మూడో పేజీకల్లా అలవాటైపోతుంది. పద్నాలుగేళ్ళ పిల్ల అన్నం తినడం కూడా మర్చిపోయి చదివిందంటే, ఆ దెయ్యానికి ఏదో గట్టి షరతు ఉన్నట్టే. ఎప్పుడు రాగలదు, ఎప్పుడు రాలేదు, ఏం చేస్తే ఆగుతుంది?

1897 నాటి డ్రాక్యులా నవలలో ఆ పేరున్న రక్తపిశాచి, ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు పిలవందే మొదటిసారి గడప దాటలేడు. ఒక్కసారి పిలిస్తే చాలు, ఆ తర్వాత ఎప్పుడైనా వస్తాడు. ఇంట్లో తెలియకుండా ఎవరితోనో మాట కలిపిన పిల్లలకు ఈ షరతు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. తలుపు తీసింది తామేనన్న భయం వాళ్ళకు ముందే తెలుసు. (ఎండకు చనిపోవడం ఆ నవలలో లేదు, పగటిపూట శక్తి తగ్గుతుందంతే. ఎండ పడితే అంతమైపోవడం 1922లో వచ్చిన మూకీ సినిమా నోస్ఫెరాటు చలవ.) 2005లో వచ్చిన నవల ట్వైలైట్‌లో రక్తపిశాచి ఎండలో మెరుస్తాడని ఎంతోమంది వెక్కిరించారు. నా దృష్టిలో అక్కడ పనిచేసిన షరతు వేరు: అతను 17 ఏళ్ళ దగ్గరే ఆగిపోయాడు, అతను ప్రేమించిన అమ్మాయికేమో 18 నిండబోతున్నాయి.

తోడేలు మనిషి కథ శరీరానిది. చెప్పినమాట వినని ఒళ్ళు, మొలిచే వెంట్రుకలు, దాచుకోవాల్సిన రోజులు. హ్యారీ పాటర్ మూడో పుస్తకం (1999)లో లూపిన్ మాస్టారు పౌర్ణమికి ముందు వారమంతా పొగలు కక్కే చేదు మందు తాగాలి. పంచదార కలిపితే మందు పనిచేయదు. కథ ముదిరిన రాత్రి ఆయన మందు వేసుకోవడం మర్చిపోతాడు. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ లాంటి జబ్బులున్నవాళ్ళను వెలివేయడాన్ని దృష్టిలో పెట్టుకునే ఆ పాత్ర రాశానని రచయిత్రి తర్వాత చెప్పారు. అయినా పుస్తకంలో ఆ మాట ఎక్కడా ఉండదు. ఆ పంచదార ముక్క ఒక్కటి చాలు. స్నేహితులకు కనపడకుండా మాత్రలు వేసుకునే పిల్లాడికి అక్కడ అర్థమైపోతుంది.

ఇక మన బేతాళుడు. షరతు విషయంలో ఇంత పకడ్బందీ అయిన భూతం ఇంకొకటి లేదనిపిస్తుంది. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా నడవాలి. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం చెడి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఇంట్లో నిజం చెబితే ఒక తంటా, చెప్పకపోతే ఇంకో తంటాగా ఉండే వయసుకి ఇంతకంటే సరిపోయే భూతం ఏముంటుంది? చివరి కథకు రాజు దగ్గర నిజంగానే జవాబు లేదు, అందుకే నోరు మెదపడు. అప్పుడే బేతాళుడు మెచ్చి, శవాన్ని తెమ్మన్న సన్యాసి పన్నాగం బయటపెడతాడు. భూతం చావదు, ఓడదు, రాజు పక్షాన నిలబడుతుంది.

బ్రహ్మరాక్షసుణ్ణి కూడా కొత్త రచయితలు పట్టుకోవాలి. చదువంతా చదివి దాన్ని తప్పుదారి పట్టించినవాడు చచ్చి బ్రహ్మరాక్షసుడై మర్రిచెట్టు పట్టుకుంటాడని మన కథలు. ర్యాంకుల కోసం తెల్లవారుజామునే స్టడీ అవర్‌కి లేపే ఇంటర్ హాస్టల్ వెనక ఆ చెట్టును పెట్టి చూడండి. వాడి షరతు: అడిగిన లెక్క చేసిపెడతాడు, కానీ చేసిన ప్రతి లెక్కకూ ఆ పిల్లాడు తనకు వచ్చిందేదో ఒకటి మర్చిపోతాడు. ముందు ఒక సూత్రం, తర్వాత ఒక పద్యం, ఆ తర్వాత చెల్లెలి పుట్టినరోజు.

నూట యాభై పేజీల నవలైతే షరతు ఇరవయ్యో పేజీలోపు తెలిసిపోవాలి, అదీ ఎవరో చెప్పగా కాదు, ఒకరికి నష్టం జరగగా. భూతం పూర్తిగా కనపడటం మాత్రం సగం దాటాకే. చాలా కథలు చెడేది ముగింపు దగ్గర. దారి దొరక్క రచయిత అప్పటిదాకా లేని కొత్త శక్తినో తాయెత్తునో తెస్తాడు. షరతు సడలిన క్షణం భయం పోతుంది, ఎందుకంటే ఇకపై ఏదైనా జరగొచ్చు. లేదా భూతవైద్యుడు వచ్చి నిమ్మకాయలు కోసి అంతా చక్కబెడతాడు. పెద్దవాళ్ళు రావొచ్చు, సాయపడొచ్చు, కానీ షరతులోని సందు పట్టుకోవాల్సింది ఆ పిల్లాడే. లెక్క చేసిపెట్టమని అడగడం మానేసి, తనకు రాని లెక్కను రానట్టే ఖాళీగా వదిలి పేపరు ఇచ్చేస్తే, చెట్టు మీదివాడికి తీసుకోవడానికి ఏమీ మిగలదు.

అక్కడ ఏ పాత్ర చేతా "ఆ రాక్షసుడు నీలోని భయమే" అనిపించకండి. చిత్తుప్రతిలో ఆ వాక్యం ఉంటే కొట్టేసి, పిల్లాడు చెల్లెలికి ఫోన్ చేసి పుట్టినరోజు ఎప్పుడో అడిగే సన్నివేశం రాయండి.